రోజూ పొద్దున్నే మాయమయ్యే లాన్ పోర్టు: ఒక డ్రైవర్ మరమ్మతు డైరీ

మా ఇంటి డెస్క్‌టాప్ 2017లో అసెంబుల్ చేయించింది. 8 జీబీ ర్యామ్, విండోస్ 10, మదర్‌బోర్డు మీదే గిగాబిట్ లాన్ పోర్టు, అంటే నెట్ కేబుల్ గుచ్చే చోటు. రౌటర్ హాల్లో ఉంటుంది, కంప్యూటర్ వెనక గదిలో. మధ్యలో గోడ లోపలి పీవీసీ పైపు గుండా సుమారు 15 మీటర్ల కేబుల్ వెళ్తుంది. 150 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. మా ఆవిడ పొద్దున 6 గంటలకు ఈ కంప్యూటర్ మీదే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది.

ఒక రాత్రి అప్‌డేట్లతో పాటు లాన్ కార్డు డ్రైవర్ (కార్డును విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్) కూడా దానంతటదే మారింది. ఆ మర్నాటి నుంచి మూడు ఇబ్బందులు:

1. పొద్దున ఆన్ చేయగానే నెట్ ఉండదు. డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు త్రికోణం, తెరిచి చూస్తే కోడ్ 10, అంటే పరికరం మొదలవ్వలేకపోయిందని.
2. పగలు పనిచేస్తూ చేస్తూ ఉండగా లైను తెగుతుంది, పది సెకన్ల తర్వాత మళ్లీ వస్తుంది. క్లాసు మధ్యలో అయితే ఆ పది సెకన్లకే మీటింగ్ నుంచి బయటపడిపోతాం.
3. స్పీడు 94 ఎంబీపీఎస్ దాటదు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే, పట్టించుకోలేదు.

కమాండ్లన్నీ నోటితో పలికినట్టు రాశాను. దూరంగా ఉన్నవాళ్లకు ఫోన్లో చదివి చేయించడానికి అలాగైతేనే పనికొస్తాయి.

మొదటి దశ: ముందు కొలత

ఏదీ ముట్టుకోకుండా మొదట లెక్క తీశాను. పింగ్ అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి, జవాబు వస్తుందో లేదో చూడడం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్, స్పేస్, మైనస్ ఎన్, 3600, రౌటర్ అడ్రస్ 192.168.1.1. ఇది సుమారు గంటసేపు నడుస్తుంది. బయటి సర్వర్‌ను కాకుండా రౌటర్‌నే పింగ్ చేయడం ముఖ్యం, ఎందుకంటే తప్పు ఇంట్లోదా, కనెక్షన్ ఇచ్చినవాళ్లదా అన్నది అక్కడే తేలుతుంది. అదే గంటలో ఫోన్ వైఫై మీద నిరాటంకంగా నడిచింది. కాబట్టి ఇది ఇంట్లోదే.

127.0.0.1కి (కంప్యూటర్ తనను తాను పిలుచుకునే అడ్రస్) పింగ్ చేసి సమాధానం రాగానే కార్డు బాగుందని చెప్పేవాళ్లు చాలామంది. ఆ పింగ్ కార్డు దాకా వెళ్లనే వెళ్లదు, విండోస్ లోపలే తిరిగి వచ్చేస్తుంది. దాంతో కార్డు గురించి ఏమీ తెలియదు.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. గంట తర్వాత ఫలితంలో 38 పోయాయని వచ్చింది, అదే రాసుకున్నాను. పైకి జరిపి చూస్తే చాలా వరసల్లో ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని ఉంది. ఆ సమాధానం ఇచ్చింది రౌటర్ కాదు, మన కంప్యూటరే. అయినా విండోస్ దాన్ని ‘వచ్చిన సమాధానాల’ ఖాతాలోనే వేస్తుంది. నిజమైన సమాధానంలో టీటీఎల్ అనే మాట ఉంటుంది. ఆ వరసలను మాత్రమే లెక్కపెడితే 3521 తేలాయి. అంటే పోయినవి 38 కాదు, 79.

ఇంకో సంగతి. ‘జనరల్ ఫెయిల్యూర్’ అంటే ప్యాకెట్ కంప్యూటర్ గడప కూడా దాటలేదు. ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ అంటే పంపాం గానీ గడువులోగా జవాబు రాలేదు. నాకు వచ్చినవి మొదటి రకమూ, అన్‌రీచబుల్ రకమూ. తెగిన సందర్భాలు గంటలో 6, ఒక్కోసారి 13 పింగ్‌ల చొప్పున పోతున్నాయి.

*ఇప్పటిదాకా: 2 గంటలు. ఖర్చు ₹0. గంటకు పోయిన పింగ్‌లు 79.*

రెండో దశ: అందరూ చెప్పే రీసెట్లు

1. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్.
2. నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్.
3. రీస్టార్ట్, మళ్లీ గంట కొలత: 76 పోయాయి.
4. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్, మళ్లీ గంట కొలత: 78.

మారిందేమీ లేదు. మారదు కూడా. మొదటి రెండూ డ్రైవర్‌కు పైనుండే పొరను సరిచేసేవి. కార్డు కోడ్ 10 చూపిస్తుంటే ఆ పొరను ఎన్నిసార్లు కడిగినా ఉపయోగం లేదు.

పైగా నెట్‌వర్క్ రీసెట్ నష్టం చేసింది. అది కార్డులన్నింటినీ తీసేసి మళ్లీ పెడుతుంది, మనం ఇచ్చుకున్న సెట్టింగులన్నీ పోతాయి. ఈ కంప్యూటర్‌కు 192.168.1.50 అని స్థిరమైన ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో మారని అడ్రస్) ఇచ్చి ఉంచాను. అది పోవడంతో ఫోన్ నుంచి ఫొటోల ఫోల్డర్ తెరుచుకోవడం మానేసింది. రీసెట్ కొట్టేముందు ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ అని కొట్టి, వచ్చిన తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. నేను తీయలేదు.

*ఇప్పటిదాకా: 5 గంటలు. ఖర్చు ₹0. పోయిన పింగ్‌లు 78.*

మూడో దశ: డ్రైవర్ తీసేశాను, ఇరుక్కున్నాను

డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్. అక్కడ ‘డిలీట్ ద డ్రైవర్ సాఫ్ట్‌వేర్’ అనే గడి ఉంటుంది. కొత్త డ్రైవర్ దించుకోకముందే దానికి టిక్ పెట్టేశాను. రీస్టార్ట్ అయ్యాక కార్డు పేరే పోయింది. ‘అదర్ డివైసెస్’ కింద ‘ఈథర్నెట్ కంట్రోలర్’ అని మిగిలింది, కోడ్ 28. డ్రైవర్ లేదని దానర్థం. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి.

బయటపడిన దారి: ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ మీదుగా కంప్యూటర్‌కు ఇవ్వడం) ఆన్ చేశాను. విండోస్ ఫోన్‌నే ఒక లాన్ కార్డుగా గుర్తిస్తుంది, దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఇది జరగదు. నా మొదటి కేబుల్ అలాంటిదే, దాంతో అరగంట పోయింది.

ఆ ఫోన్ డ్రైవర్ తేదీ చూస్తే 21-06-2006 అని ఉంటుంది. పాతబడిందనుకుని దాన్ని మార్చబోకండి. మైక్రోసాఫ్ట్ తన సొంత డ్రైవర్లకు కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది, హార్డ్‌వేర్ కంపెనీ ఇచ్చే డ్రైవర్ ఏదైనా తేదీలో దానికంటే ముందుండాలని.

క్లాసు ఆగకూడదని ₹450 పెట్టి చిన్న వైఫై డాంగిల్ కూడా కొన్నాను. గుచ్చితే సీడీ డ్రైవ్‌గా కనిపించింది. ఇలాంటి చవక డాంగిళ్లు కొన్ని మొదట సీడీలా కనిపిస్తాయి, డ్రైవర్ అందులోనే ఉంటుంది. అది ఎక్కించి, సీడీని ‘ఎజెక్ట్’ చేస్తే అప్పుడు వైఫైగా మారుతుంది. వెనక నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, హార్డ్ డిస్క్ పక్కనే పెట్టినప్పుడు గంటకు 210 పింగ్‌లు పోయాయి. యూఎస్‌బీ 3.0 తీగల నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. ఇంట్లో ఉన్న మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను బల్ల మీదికి తెస్తే 210 కాస్తా 12కి దిగింది. అసలు పని అయ్యేదాకా క్లాసులకు ఆసరా ఇదే.

*ఇప్పటిదాకా: 8 గంటలు. ఖర్చు ₹450. లాన్ మీద కొలత లేదు, డాంగిల్ మీద 12.*

నాలుగో దశ: సరైన డ్రైవర్ ఏది?

కార్డు అసలు పేరు పెట్టె మీద వెతకనక్కర్లేదు. డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అక్కడ ‘వెన్’ తర్వాత వచ్చే నాలుగు అక్షరాలు చిప్ కంపెనీవి, ‘డెవ్’ తర్వాతవి చిప్‌వి. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. యూఎస్‌బీ డాంగిళ్లకైతే విడ్, పిడ్ అని ఉంటాయి. కోడ్ 28 వచ్చి పేరు పోయిన కార్డుకు కూడా ఈ నంబర్లు కనిపిస్తాయి. ‘మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో’ అని డబ్బులడిగే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి, ఈ ఎనిమిది అక్షరాలు చాలు.

ఈసారి ముందు జాగ్రత్త పడ్డాను:

1. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేశాను.
2. పీఎన్‌పీయుటిల్, స్పేస్, స్లాష్, ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, స్పేస్, నక్షత్రం గుర్తు, స్పేస్, ఆ ఫోల్డర్ దారి. కంప్యూటర్‌లో విడిగా ఎక్కించిన డ్రైవర్లన్నీ అందులోకి వచ్చేస్తాయి.
3. పరీక్షించాల్సిన డ్రైవర్లను కూడా ముందే అందులోకి దించుకున్నాను.

మూడు డ్రైవర్లు పెట్టుకున్నాను. ‘అ’ అంటే అప్‌డేట్‌తో వచ్చినది. ‘ఆ’ అంటే మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లోని 2017 నాటి పాతది, మొదట్నుంచీ మా ఇంట్లో నడిచింది ఇదే. ‘ఇ’ అంటే చిప్ కంపెనీ ఇచ్చే తాజాది. ఒక్కోదాన్ని మూడేసి రోజులు వాడాను.

- అ: పోయిన పింగ్‌లు 79. మూడు ఉదయాల్లో మూడుసార్లూ కోడ్ 10.
- ఆ: పోయినవి 72. మూడు ఉదయాల్లో ఒకసారి కోడ్ 10.
- ఇ: పోయినవి 77. మూడు ఉదయాల్లో మూడుసార్లూ కోడ్ 10.

‘ఆ’ మీద పరీక్ష ఒకసారి చెడింది. రెండో రోజు చూస్తే దాని స్థానంలో మళ్లీ ‘అ’ కూర్చుని ఉంది. కారణం వెతికితే తేలిందేమిటంటే, డ్రైవర్ మార్చినంత మాత్రాన పాత ప్యాకేజీ పోదు, విండోస్ డ్రైవర్లను దాచుకునే డ్రైవర్ స్టోర్‌లో అలాగే ఉంటుంది. రెండూ ఒకే కార్డుకు సమానంగా సరిపోయినప్పుడు విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్నే ఎంచుకుంటుంది. అందుకని పీఎన్‌పీయుటిల్ స్లాష్ ఎనమ్ హైఫన్ డ్రైవర్స్ అని కొట్టి, జాబితాలో ‘అ’ ప్యాకేజీకి ఉన్న ఓఈఎం నంబరు చూసుకున్నాను, నాకు 12. తర్వాత పీఎన్‌పీయుటిల్ స్లాష్ డిలీట్ హైఫన్ డ్రైవర్, ఓఈఎం12 డాట్ ఐఎన్ఎఫ్, స్లాష్ అన్‌ఇన్‌స్టాల్. విండోస్ మళ్లీ దానంతటదే తెచ్చుకోకుండా డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో ‘నో’ పెట్టి, ‘ఆ’ను మళ్లీ ఎక్కించి మూడు రోజులూ మొదటినుంచి లెక్కించాను. పైన రాసినది ఆ లెక్కే.

ఈ అంకెల ముందు చాలాసేపు కూర్చున్నాను. పొద్దున్నే వచ్చే జబ్బు డ్రైవర్‌ను బట్టి కొంత మారుతోంది. పగలు తెగడం మాత్రం ఏ డ్రైవర్‌తోనూ మారడం లేదు. అంటే ఇవి రెండు వేర్వేరు జబ్బులు. నేను రెండింటికీ ఒకే మందు వేస్తూ వచ్చాను.

*ఇప్పటిదాకా: 13 గంటలు. ఖర్చు ₹450. పోయిన పింగ్‌లు 72 (ఆ).*

ఐదో దశ: పొద్దుటి జబ్బు

దీని జవాబు మా ఆవిడ మొదటి వారంలోనే చెప్పింది. “ఆపేసి మళ్లీ వేస్తే రావట్లేదండీ, రీస్టార్ట్ కొడితే వచ్చేస్తోంది” అంది. ఆ రోజు ఆ మాటను కొలతగా తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఐదారు గంటలు మిగిలేవి.

టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కాను. కింద ‘అప్ టైమ్’ దగ్గర 11:03:22:10 అని ఉంది. పదకొండు రోజుల మూడు గంటలుగా కంప్యూటర్ ఆగకుండా నడుస్తోందట! మేం రోజూ రాత్రి షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ కూడా తీసేస్తాం.

ఇది ఫాస్ట్ స్టార్టప్ పని. విండోస్ 8 నుంచి ఉంది. షట్‌డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, డ్రైవర్లతో సహా విండోస్ లోపలి భాగం డిస్క్ మీద హైబర్‌ఫిల్ అనే ఫైల్లోకి యథాతథంగా దాచబడుతుంది. పొద్దున అది కొత్తగా మొదలవ్వదు, రాత్రి దాచిన స్థితినే మళ్లీ తెచ్చుకుంటుంది. కార్డు మాత్రం కరెంటు తీసేసిన చోటినుంచి కొత్తగా లేస్తుంది. రాత్రి నాటి జ్ఞాపకంతో లేచిన డ్రైవర్‌కూ, అప్పుడే లేచిన కార్డుకూ పొత్తు కుదరకపోతే కోడ్ 10. రీస్టార్ట్ ఈ దారిలో వెళ్లదు, అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. అందుకే దానితో వచ్చేస్తోంది.

రుజువు ఇలా చేసుకున్నాను:

1. రెండు రాత్రులు షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాను. అలా చేస్తే ఆ ఒక్కసారికి పూర్తి షట్‌డౌన్ అవుతుంది. రెండు ఉదయాలూ నెట్ వచ్చింది.
2. మూడో రాత్రి మామూలుగా ఆపాను. పొద్దున కోడ్ 10.
3. నాలుగో రాత్రి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ కొట్టాను. హైబర్నేషన్‌తో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయింది. సీ డ్రైవ్‌లో 3 జీబీకి పైగా ఖాళీ అయింది.

హైబర్నేట్ వాడుకునేవాళ్లు ఈ కమాండ్ కొట్టకండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అక్కడ పవర్ బటన్ల పేజీలో ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ టిక్ ఒక్కటి తీసేస్తే చాలు. మా డిస్క్ ఎస్ఎస్‌డీ. ఆన్ అవడానికి పట్టే సమయం 14 సెకన్ల నుంచి 21కి పెరిగింది, అంతే.

కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద ‘కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు’ అనే అర్థం వచ్చే గడి టిక్ కూడా వేరేగా తీసి చూశాను. పగలు తెగడంలో మార్పు రాలేదు, 73.

*ఇప్పటిదాకా: 14 గంటలు 30 నిమిషాలు. ఖర్చు ₹450. కోడ్ 10: వరసగా 5 ఉదయాలు రాలేదు. పోయిన పింగ్‌లు 73.*

ఆరో దశ: పగటి జబ్బు, విండోస్ బయట

డ్రైవర్‌ను పూర్తిగా తప్పించి చూడాలంటే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు వేసుకుని, డిస్క్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, ‘ట్రై ఉబుంటు’తో బూట్ చేశాను. అదే గంట పింగ్, లినక్స్‌లో మైనస్ ఎన్ బదులు మైనస్ సి. పోయినవి 68, తెగిన సందర్భాలు 5.

విండోస్ డ్రైవర్ లేనేలేదు, అయినా అదే రోగం. డీమెసేజ్ (లినక్స్ తన లోపల జరిగేవి రాసుకునే చిట్టా) తెరిస్తే ప్రతిసారీ లింక్ పడిపోయిన వరస, తర్వాత పది సెకన్లకు ‘లింక్ ఈజ్ అప్, 100 ఎంబీపీఎస్’ అనే వరస. గిగాబిట్ కార్డు, గిగాబిట్ రౌటర్, మధ్యలో 100 ఎందుకు?

ఇక్కడే ఒక ప్రశ్న వదల్లేదు. ‘ఆ’ డ్రైవర్‌తోనే ఏళ్ల తరబడి ఈ ఇబ్బంది లేకుండా నడిచింది. అదే డ్రైవర్ మళ్లీ పెట్టినా ఎందుకు తెగుతోంది? 2017లో అసెంబుల్ చేసిన అతనికి ఫోన్ చేశాను.

“మీ పైపులో కేబుల్‌కి నాలుగు తీగలే కొట్టారు సార్. ఆటోలో పెడితే ఎక్కడం లేట్ అవుతోందని స్పీడ్ హండ్రెడ్ ఫుల్ డ్యూప్లెక్స్‌లో లాక్ చేసి వచ్చా” అన్నాడు. అంటే కార్డు, రౌటర్ స్పీడును తమలో తామే తేల్చుకునే ‘ఆటో’ తీసేసి, 100 ఎంబీపీఎస్‌కే బిగించాడన్నమాట.

విషయం విడిపోయింది. డ్రైవర్ మారినప్పుడు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని సెట్టింగులు మొదటి విలువలకు వెళ్లిపోతాయి. ‘హండ్రెడ్’ పోయి ‘ఆటో’ వచ్చింది. నేను ‘ఆ’ను తిరిగి పెట్టినా ఆ లాక్ తిరిగి రాలేదు. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నుల్లోని నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. స్పీడు బేరం మాత్రం ఆ నాలుగు తీగల మీదే జరుగుతుంది కాబట్టి రెండు వైపులా ‘గిగాబిట్ సరే’ అనుకుంటాయి, తీరా కలవబోతే మిగతా తీగలు లేవు. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి, చివరికి 100కి దిగుతాయి. ఆ దిగడానికే పది సెకన్లు.

పరీక్షగా మళ్లీ హండ్రెడ్‌లో లాక్ చేశాను. గంటలో 5 సార్లు తెగింది, పోయినవి 11 మాత్రమే. అంటే తెగడం ఎనిమిదేళ్లుగా ఉన్నదే. రెండు సెకన్లలో కలిసిపోతుంటే మాకు తెలియలేదు. కొత్త డ్రైవర్ వచ్చి పాత కేబుల్ తప్పును బయటపెట్టింది.

కంప్యూటర్ వైపు కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూశాను. నారింజ జత, ఆకుపచ్చ జత మాత్రమే లోపలికి వెళ్లాయి. నీలం, గోధుమ జతలు వెనక్కి మడిచి నల్ల టేపు చుట్టి ఉన్నాయి. 6వ పిన్ను దగ్గర ఆకుపచ్చ తీగ మీద ఇత్తడి పళ్ల గాటు సగమే పడింది. తీగను వేలితో కదిపితే పోర్టు దగ్గర దీపం ఆరి వెలిగింది. బల్ల కదిలినప్పుడల్లా జరుగుతున్నది ఇదే.

కొన్నవి: క్రింపింగ్ టూల్ (కనెక్టర్‌ను తీగల మీద నొక్కి బిగించేది) ₹350, కేబుల్ టెస్టర్ ₹150, ఆర్‌జే45 కనెక్టర్లు పది ₹80.

1. పై తొడుగు రెండున్నర సెంటీమీటర్లు తీసి, జతలు విప్పి, తీగలను వేళ్ల మధ్య రుద్ది నిటారుగా చేయాలి.
2. కనెక్టర్ పిన్నులు మనవైపు, క్లిప్ అటువైపు ఉండేలా పట్టుకుని, ఎడమ నుంచి వరస: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.
3. కొసలు ఒకే మట్టానికి కత్తిరించి, ఎనిమిది రాగి చుక్కలూ కనెక్టర్ ముందు గోడకు తాకాయో లేదో చూసి, అప్పుడు నొక్కాలి.
4. పై తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లాలి. లేకపోతే లాగుడంతా తీగల మీద పడుతుంది.

మొదటి కనెక్టర్ పోయింది, 7, 8 తారుమారయ్యాయని టెస్టర్ చెప్పింది. రెండోది కుదిరింది. హాలు వైపు ఒక్కసారికే అయింది. ఆకుపచ్చ జత 3లోనూ 6లోనూ విడివిడిగా కూర్చోవాలన్నది మరిచిపోకండి. రంగులు అందంగా జతలు జతలుగా పేర్చి రెండు వైపులా అలాగే కొడితే టెస్టర్ దీపాలన్నీ వరసగా వెలుగుతాయి, లైను మాత్రం నిలవదు. ఆ తప్పును చవక టెస్టర్ పట్టుకోలేదు.

స్పీడ్ సెట్టింగ్ తిరిగి ‘ఆటో’. లింక్ 1.0 జీబీపీఎస్. స్పీడ్ టెస్టులో 148. గంట పింగ్‌లో టీటీఎల్ వరసలు 3600కి 3600.

*ఇప్పటిదాకా: 18 గంటలు 30 నిమిషాలు. ఖర్చు ₹1,030. పోయిన పింగ్‌లు 0.*

ఏడో దశ: మూడు వారాల తర్వాత

21 ఉదయాలు గడిచాయి, కోడ్ 10 ఒక్కసారీ రాలేదు. వారానికోసారి గంట పింగ్ పెడుతున్నాను: 0, 1, 0. విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో లింక్ తెగిన నమోదు లేదు. డ్రైవర్ ‘ఆ’యే ఉంచాను. ఫాస్ట్ స్టార్టప్ ఆపి ఉన్నప్పుడు ‘ఇ’తో కూడా మూడు ఉదయాలు చూశాను, అదీ బాగానే నడిచింది.

192.168.1.50 మళ్లీ ఇచ్చాను, ఫోల్డర్ ఫోన్లో తెరుచుకుంటోంది. డ్రైవర్ల ఎక్స్‌పోర్ట్ ఉన్న పెన్‌డ్రైవ్ క్యాబినెట్ పక్కన సంచిలో ఉంది. క్యాబినెట్ తలుపు లోపల ఒక కాగితం అంటించాను: కార్డు వెన్, డెవ్ నంబర్లు, డ్రైవర్ వెర్షన్, స్పీడ్ ఆటో, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్, కేబుల్ ఎనిమిది తీగలు, క్రింప్ చేసిన తేదీ. 2017లో ‘హండ్రెడ్‌లో లాక్’ అన్న ఒక్క ముక్క అక్కడ రాసి ఉంటే ఆరో దశ నుంచే మొదలుపెట్టేవాణ్ని.

మిగిలిన పని ఒకటే. హాల్లో టీవీకి వెళ్లే కేబుల్ కూడా అదే రోజు, అదే చేత్తో కొట్టింది. కనెక్టర్లు ఇంకా ఏడున్నాయి. ఆదివారం దాన్ని విప్పుతాను.